ఐబీఎస్: ఆహారం, పేగు, మనసు

ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, వాడుకలో ఐబీఎస్, పేగుల పనితీరు గాడి తప్పడం వల్ల వచ్చే దీర్ఘకాలిక సమస్య. పదే పదే కడుపునొప్పి, దానితోపాటు విరేచనాలు లేదా మలబద్ధకం, కొందరిలో రెండూ మార్చి మార్చి రావడం దీని ముఖ్య లక్షణాలు. కడుపుబ్బరం, గ్యాస్, విసర్జన పూర్తి కాలేదన్న అసంతృప్తి చాలామందిలో ఉంటాయి. కొలనోస్కోపీలో పుండు కనిపించదు, స్కానింగ్‌లో గడ్డ కనిపించదు, రక్తపరీక్షలు మామూలుగానే వస్తాయి. ఐబీఎస్ క్యాన్సర్‌గా మారదు, ప్రాణాలు తీయదు. కానీ బస్సు ప్రయాణమన్నా, పెళ్లి భోజనమన్నా, పరీక్ష హాలన్నా బెదిరిపోయేలా చేస్తుంది.

రోగుల్లో ఎక్కువమంది తప్పు తిండిదే అంటారు. స్వీడన్‌లో 197 మంది రోగులను అడిగితే 84 శాతం మంది కనీసం ఒక పదార్థమైనా తమకు పడటం లేదన్నారు. వైద్యులేమో చాలాకాలం తప్పు మనసుదే అన్నారు. రిపోర్టులన్నీ బాగున్నాయి, టెన్షన్ తగ్గించుకోమని చెప్పి పంపేసేవారు. ఇప్పటి పరిశోధన ఈ రెండు వాదనలనూ కలిపి చూస్తోంది. ఆహారం పేగును కదిలిస్తుంది. పేగు ఆ సంగతి మెదడుకు చేరవేస్తుంది. మెదడు దాన్ని పెద్దది చేసుకుంటుంది లేదా తోసిపుచ్చుతుంది, ఆపై పేగు కదలికనూ మారుస్తుంది.

నిర్ధారణ

ఐబీఎస్‌ను పట్టిచ్చే ప్రత్యేక పరీక్ష ఏదీ లేదు. లక్షణాలను బట్టే గుర్తిస్తారు. ఈ పద్ధతికి 1978లో ఇంగ్లండ్‌లో మానింగ్ బృందం రూపొందించిన ప్రమాణాలు పునాది వేశాయి. నేడు వాడుకలో ఉన్నవి 2016 నాటి ‘రోమ్–4’ ప్రమాణాలు. వీటి ప్రకారం గత 3 నెలలుగా వారానికి సగటున కనీసం ఒక రోజు కడుపునొప్పి ఉండాలి. ఆ నొప్పి విసర్జనతో ముడిపడి ఉండటం, విసర్జనల సంఖ్య మారడం, మలం తీరు మారడం అనే మూడింటిలో కనీసం రెండు కనబడాలి. సమస్య మొదలై 6 నెలలైనా దాటాలి. మలం తీరును బట్టి మలబద్ధకం రకం, విరేచనాల రకం, మిశ్రమ రకం, ఏ కోవకూ చెందని రకం అని నాలుగుగా విభజిస్తారు. ఇందుకు గట్టి ఉండల నుంచి నీళ్ల విరేచనం దాకా 7 మెట్లున్న బ్రిస్టల్ పట్టికను ఉపయోగిస్తారు. ‘రోమ్–4’ ఐబీఎస్‌ను పేగు–మెదడు సమన్వయ లోపాల జాబితాలో చేర్చింది.

వ్యాప్తి

33 దేశాల్లో జరిగి 2021లో ప్రచురితమైన సర్వేలో, ఇంటర్నెట్ ద్వారా ప్రశ్నించినవారిలో 4.1 శాతం మందికి ‘రోమ్–4’ ప్రకారం ఐబీఎస్ ఉన్నట్టు తేలింది. భారత గ్యాస్ట్రోఎంటరాలజీ సంఘం కార్యదళం 2008లో ప్రచురించిన నివేదిక మన దేశంలో ఇది 4.2 శాతంగా లెక్కగట్టింది. పాశ్చాత్య దేశాల్లో ఆడవాళ్లలో ఎక్కువ కనిపిస్తుంది. మన ఆసుపత్రులకు వచ్చేవారిలో మాత్రం మగవాళ్లే ఎక్కువ.

కొందరిలో ఐబీఎస్ ఒక్క ఇన్ఫెక్షన్‌తో మొదలవుతుంది. 2000 మే నెలలో కెనడాలోని వాకర్టన్ పట్టణంలో మంచినీళ్లు కలుషితమై 2,000 మందికి పైగా జబ్బుపడ్డారు, ఏడుగురు చనిపోయారు. బతికి బయటపడ్డవారిని ఏళ్ల తరబడి పరిశీలిస్తే, వాంతులు, విరేచనాలు తగ్గిపోయిన చాలామందిలో ఐబీఎస్ మిగిలిపోయింది. పేగు ఇన్ఫెక్షన్ సోకినవారిలో సుమారు పదిమందిలో ఒకరికి ఇలా జరుగుతుందని తర్వాతి విశ్లేషణలు చెబుతున్నాయి. ఇన్ఫెక్షన్ సమయంలో ఆందోళనలో ఉన్నవారికి ఈ ముప్పు మరింత ఎక్కువ.

పేగుకూ మెదడుకూ ఉన్న సంబంధం

మనసు బాగోకపోతే తిన్నది ఒంటపట్టదన్న గమనింపు పాతదే. మితంగా తిన్న హితమైన అన్నం కూడా చింత, శోకం, భయం, క్రోధం ఉన్నవేళ జీర్ణం కాదని చరక సంహితలోని విమానస్థానం చెబుతుంది. ఆయుర్వేదం వర్ణించిన గ్రహణి రోగ లక్షణాలు కొన్ని ఐబీఎస్‌ను పోలినా రెండూ ఒకటే అనడానికి వీల్లేదు.

కంటితో చూసిన తొలి సాక్ష్యం అమెరికాలో దొరికింది. 1822లో తుపాకీ గాయమైన అలెక్సిస్ సెయింట్ మార్టిన్ పొట్టలో పూడని రంధ్రం మిగిలింది. సైనిక వైద్యుడు విలియం బ్యూమాంట్ ఆహారాన్ని దారానికి కట్టి ఆ రంధ్రంలోంచి లోపలికి దించేవాడు, కాసేపటికి పైకి తీసి ఎంత అరిగిందో చూసేవాడు. సెయింట్ మార్టిన్‌కు కోపం వచ్చినప్పుడు జీర్ణక్రియ దెబ్బతినడాన్ని 1833 నాటి తన పుస్తకంలో నమోదు చేశాడు. ఆ శతాబ్దం చివర్లో హార్వర్డ్‌లో వాల్టర్ కానన్ ఎక్స్‌రే కింద పిల్లులను పరిశీలించి, అవి బెదిరినప్పుడు జీర్ణాశయం కదలికలు ఆగిపోతున్నాయని చూపాడు.

జీర్ణనాళం గోడల్లో కోట్లాది నాడీకణాలతో సొంత నాడీ వ్యవస్థ ఉంది. మెదడు ఆజ్ఞ లేకుండానే అది పేగును నడపగలదు. మెదడుకూ పేగుకూ మధ్య ఉన్న ముఖ్యమైన దారి వేగస్ నాడి. అందులోని పోగుల్లో సుమారు 80 శాతం శరీరంలోపలి సమాచారాన్ని పైకి మోసుకెళ్లేవే. శరీరంలోని సెరటోనిన్‌లో 90 శాతానికి పైగా తయారయ్యేది పేగులోనే. అయితే ఆ సెరటోనిన్ రక్తం నుంచి మెదడులోకి చొరబడలేదు. అందుకే అరటిపండులోని సెరటోనిన్ దిగులు పోగొడుతుందనే ప్రచారానికి ఆధారం లేదు. పేగులో దాని పని వేరు: కదలికలను నడపడం, నాడులకు సంకేతాలివ్వడం.

పేగు బ్యాక్టీరియాకూ ఇందులో పాత్ర ఉంది. 2004లో జపాన్‌లో నొబుయుకి సుడో బృందం, ఏ సూక్ష్మజీవీ సోకకుండా పెంచిన ఎలుకల్లో ఒత్తిడికి హార్మోన్ల స్పందన మితిమీరి ఉందని గుర్తించింది. చిన్న వయసులోనే మేలుచేసే బ్యాక్టీరియాను ఇస్తే ఆ స్పందన సర్దుకుంది. ఎలుకల్లో తేలినదంతా మనుషుల్లోనూ నిజం కానక్కరలేదు గానీ, పరిశోధన అక్కడి నుంచే ఊపందుకుంది.

ఏది ముందు, ఏది వెనక? ఐబీఎస్ ఉన్నవారిలో 39 శాతం మందికి ఆందోళన లక్షణాలు, దాదాపు 29 శాతం మందికి కుంగుబాటు లక్షణాలు ఉన్నట్టు 2019 నాటి సమగ్ర విశ్లేషణ లెక్కించింది. ఆస్ట్రేలియాలో సాధారణ ప్రజలను 12 ఏళ్లపాటు గమనించిన అధ్యయనంలో ఆందోళన ఉన్నవారికి తర్వాత పేగు సమస్యలు వచ్చాయి. మొదట పేగు సమస్యే ఉన్నవారికి తర్వాత ఆందోళన, కుంగుబాటు వచ్చాయి. 53,000 మందికి పైగా రోగుల జన్యువులను విశ్లేషించిన 2021 నాటి పరిశోధన, ఐబీఎస్‌తో ముడిపడిన జన్యు భాగాల్లో కొన్ని ఆందోళన, కుంగుబాట్లతోనూ ముడిపడి ఉన్నాయని తేల్చింది. అంటే ఒకటి రెండోదానికి ఎల్లప్పుడూ కారణమని కాదు. కొందరిలో రెండింటికీ మూలం ఒకటే కావచ్చు.

తిన్నది ఎలా బాధపెడుతుంది

మొదటి మార్గం పేగు కదలిక. భోజనం మొదలవగానే పెద్దపేగు కదలిక పెరగడం అందరిలోనూ సహజం. ఐబీఎస్‌లో ఆ స్పందన బలంగా ఉండి, చేయి కడుక్కునేలోపే మరుగుదొడ్డికి పరిగెత్తిస్తుంది. నూనె, నెయ్యి ఎక్కువైన భోజనం, కాఫీ దీన్ని మరింత రెచ్చగొడతాయి.

రెండో మార్గం చిన్నపేగులో సరిగా ఇంకని పిండిపదార్థాలు. వీటిలో గోధుమ, ఉల్లి, వెల్లుల్లిలోని ఫ్రక్టాన్లు, పప్పుదినుసుల్లోని రాఫినోస్ వర్గపు చక్కెరలు, పాలలోని లాక్టోస్, కొన్ని పండ్లలో మోతాదు మించిన ఫ్రక్టోస్, షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్‌లో వాడే సార్బిటాల్ వంటివి ముఖ్యమైనవి. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ గిబ్సన్, సూ షెపర్డ్ 2005లో వీటన్నింటినీ కలిపి ఫాడ్‌మ్యాప్‌లు అని పేరు పెట్టారు. ఇవి నీటిని పేగులోకి లాగుతాయి, పెద్దపేగులో పులిసి వాయువు పుట్టిస్తాయి. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ పరిశోధకులు ఎంఆర్ఐతో దీన్ని ప్రత్యక్షంగా చూపారు. ఫ్రక్టోస్ తాగినవారి చిన్నపేగులో నీరు పెరిగింది. ఇన్యులిన్ అనే ఫ్రక్టాన్ తాగినవారి పెద్దపేగులో వాయువు పెరిగింది.

అదే బృందం తర్వాత ఆరోగ్యవంతులనూ ఐబీఎస్ రోగులనూ పోల్చి చూసింది. ఇద్దరి పేగుల్లోనూ వాయువు దాదాపు సమానమే. బాధ మాత్రం రోగులకే ఎక్కువ. 1973లోనే రిచీ అనే వైద్యుడు పేగులో బెలూన్ ఉబ్బించి, ఇతరులకు నొప్పి తెలియనంత ఉబ్బుకే ఐబీఎస్ రోగులు నొప్పి అన్నారని చూపాడు. ఈ అతిసున్నితత్వమే ఐబీఎస్‌లో కీలకం. ఆహారం వాయువును పుట్టిస్తుంది, దాన్ని నొప్పిగా మార్చేది నాడులు. ఆందోళన, నిద్రలేమి, గతంలో సోకిన ఇన్ఫెక్షన్ ఆ నాడులను మరింత పదును పెడతాయి.

కారం సంగతీ ఇలాంటిదే. మిరపలోని క్యాప్సైసిన్‌ను గుర్తించే గ్రాహకాన్ని కనిపెట్టినందుకు డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి దక్కింది. అదే గ్రాహకమున్న నాడీపోగులు ఐబీఎస్ రోగుల పెద్దపేగులో ఎక్కువగా ఉన్నట్టు లండన్ పరిశోధకులు గుర్తించారు.

మూడో మార్గం రోగనిరోధక స్పందన. 2021లో బెల్జియంలోని లూవెన్ బృందం, పేగు ఇన్ఫెక్షన్ ఉన్న సమయంలో ఎలుకలు తిన్న ఆహారం మీద పేగు పగబడుతుందని, ఇన్ఫెక్షన్ తగ్గాక కూడా అదే ఆహారం నొప్పి తెస్తుందని చూపింది. సాధారణ అలర్జీ పరీక్షల్లో ఇది కనబడదు.

ఆహార చికిత్సలు

మొదటి మెట్టు తేలికైన మార్పులు. వేళకు తినడం, పూట మానకపోవడం, నిదానంగా నమలడం, తగినంత నీళ్లు తాగడం, టీ కాఫీలు రోజుకు 3 కప్పులు మించకపోవడం, పండ్లు మితంగా తినడం వంటివి బ్రిటన్ ఆరోగ్య సంస్థ నైస్ మార్గదర్శకాల్లో ఉన్నాయి. ఇంత మాత్రానికే చాలామందికి ఉపశమనం దొరుకుతుంది.

పీచు అంతా ఒకటి కాదు. నెదర్లాండ్స్‌లో 275 మంది రోగుల్లో కొందరికి ఇసబ్‌గోల్, కొందరికి గోధుమ తవుడు, మిగిలినవారికి మందు పేరుతో బియ్యప్పిండి ఇచ్చి చూశారు. ఇసబ్‌గోల్ మేలు చేసింది. తవుడు తీసుకున్నవారిలో చాలామంది బాధ పెరిగి మధ్యలోనే మానేశారు. గుజరాత్‌లో విస్తారంగా పండే ఇసబ్‌గోల్ మన మందుల షాపుల్లో చవగ్గానే దొరుకుతుంది. కొద్ది మోతాదుతో మొదలుపెట్టి, నీళ్లు బాగా తాగుతూ పెంచుకోవాలి.

రెండో మెట్టు ఫాడ్‌మ్యాప్ తగ్గించిన ఆహారం. 2014లో ప్రచురితమైన మోనాష్ ప్రయోగంలో 30 మంది రోగులకు భోజనం మొత్తం పరిశోధకులే అందించారు. నూరు పాయింట్ల కొలమానంలో బాధ మామూలు ఆస్ట్రేలియా తిండితో దాదాపు 45 ఉండగా, ఈ ఆహారంతో సుమారు 23కి తగ్గింది. అయితే స్వీడన్‌లో 75 మందితో జరిగిన 2015 నాటి ప్రయోగంలో దీనికీ పైన చెప్పిన తేలికైన సలహాలకూ మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 2024లో గోథెన్‌బర్గ్ పరిశోధకులు 294 మందితో జరిపిన ప్రయోగంలో 4 వారాలకు సలహాలతో కూడిన తక్కువ ఫాడ్‌మ్యాప్ ఆహారం వల్ల 76 శాతం మందికి, పిండిపదార్థాలు తగ్గించిన ఆహారం వల్ల 71 శాతం మందికి, మందులతో 58 శాతం మందికి మేలు జరిగింది.

తక్కువ ఫాడ్‌మ్యాప్ ఆహారంలో మూడు దశలున్నాయి. 2 నుంచి 6 వారాలు ఫాడ్‌మ్యాప్‌లను తగ్గించడం మొదటిది. ఒక్కో వర్గాన్నీ విడివిడిగా, కొద్దికొద్దిగా తిని చూడటం రెండోది. పడనివాటిని మాత్రమే పక్కనపెట్టి మిగిలినవన్నీ తినడం మూడోది. చాలామంది మొదటి దశలోనే ఆగిపోవడం వల్లే చిక్కులు వస్తాయి.

గోధుమ మానేస్తే బాగుంటోందన్నవారిలో చాలామంది అందులోని గ్లూటెన్ అనే ప్రొటీన్‌నే తప్పుపడతారు. నార్వేలో అలాంటి 59 మందికి ఏది తింటున్నారో తెలియకుండా ఫ్రక్టాన్ ఉన్న మ్యూస్లీ బార్లు, గ్లూటెన్ ఉన్న బార్లు, రెండూ లేని బార్లు ఇచ్చి చూస్తే, బాధ ఎక్కువ తెచ్చింది ఫ్రక్టానే. సీలియాక్ వ్యాధి సంగతి వేరు. అందులో గ్లూటెన్ పూర్తిగా మానాల్సిందే. అందుకే గోధుమ మానకముందే దానికి రక్తపరీక్ష చేయించుకోవాలి.

తెలుగువారి వంటింట్లో

అన్నం తినేవారికి తక్కువ ఫాడ్‌మ్యాప్ ఆహారం అంత కష్టం కాదు. బియ్యంలో ఫాడ్‌మ్యాప్‌లు నామమాత్రం. జొన్న, బంగాళాదుంప, క్యారెట్, వంకాయ, బెండకాయ, బొప్పాయి, కమలా మితంగా తింటే చాలామందికి పడతాయి. చిక్కంతా ఉల్లి, వెల్లుల్లి, కందిపప్పు, శనగలు, రాజ్మా, పుచ్చకాయ, మామిడిపండు దగ్గర వస్తుంది.

ఫ్రక్టాన్లు నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. కాబట్టి పులుసులోంచి ఉల్లిముక్కలు ఏరి పక్కనపెట్టినా లాభం లేదు, దిగాల్సింది అప్పటికే పులుసులోకి దిగిపోయి ఉంటుంది. అదే నూనెలో వెల్లుల్లి రెబ్బలు వేయించి, తీసేసి, ఆ నూనెతో పోపు పెడితే రుచి దక్కుతుంది, ఫ్రక్టాన్ రాదు. ఉల్లి లేని లోటును ఇంగువ కొంత తీరుస్తుంది. బజారు ఇంగువలో గోధుమపిండి కలుపుతారు గనుక సీలియాక్ ఉన్నవారు డబ్బా మీద ముద్రించింది చదవాలి. ఉల్లి, వెల్లుల్లి లేకుండా వండే ప్రసాదాల సంప్రదాయం మనకు ఉండనే ఉంది. వంట కొత్తగా నేర్చుకోనక్కరలేదు.

పప్పుల్లోని రాఫినోస్ కూడా నీళ్లలో కరిగేదే. శనగలు, రాజ్మా రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోసి వండితే అది కొంత తగ్గుతుంది. పప్పుకట్టుతో చేసే చారులోకి మాత్రం అది చేరిపోతుంది. ఏ పప్పులో ఈ చక్కెరలు ఎంత ఉన్నాయో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల్లో చూడవచ్చు. పాలు పడనివారికి పెరుగు, మజ్జిగ పడవచ్చు. తోడువేసినప్పుడు బ్యాక్టీరియా లాక్టోస్‌లో కొంత భాగాన్ని తినేస్తుంది.

ఆహారం మనసుకు ఎంత మేలు చేస్తుంది

ఆహారం మార్చితే కుంగుబాటు తగ్గుతుందా అన్న ప్రశ్నకు ఆస్ట్రేలియాలో ఫెలిస్ జాకా బృందం 2017లో ప్రచురించిన ప్రయోగం ప్రసిద్ధమైనది. కుంగుబాటు ఉన్న 67 మందిలో కొందరికి 12 వారాలు కూరగాయలు, పప్పులు, ముడిధాన్యాలు, చేపలు, ఆలివ్ నూనె ఎక్కువగా ఉండే మధ్యధరా తరహా ఆహారం తినేలా సాయపడ్డారు. మిగిలినవారికి కబుర్లు చెప్పే తోడు కల్పించారు. మొదటి బృందంలో 32 శాతం, రెండో బృందంలో 8 శాతం మంది కుంగుబాటు నుంచి కోలుకున్నారు. ప్రయోగం చిన్నది. పైగా తాము ఏ బృందంలో ఉన్నారో పాల్గొన్నవారికి తెలుసు కాబట్టి, ఆశ వల్ల కలిగిన మేలు కూడా అందులో కలిసి ఉండవచ్చు.

ఇదే తరహా ఆహారాన్ని కొద్దిపాటి ఆందోళన లేదా కుంగుబాటు కూడా ఉన్న 59 మంది ఐబీఎస్ రోగుల్లో కొందరికి 6 వారాలు ఇచ్చి చూసినప్పుడు వారిలో పేగు బాధలూ, మానసిక లక్షణాలూ రెండూ తగ్గాయి. ఈ ఆహారంలో ఫాడ్‌మ్యాప్‌లున్న పప్పులు, కూరగాయలు దండిగా ఉంటాయి. అయినా మేలు జరగడం గమనించాల్సిన విషయం.

ప్రోబయోటిక్స్ విషయంలో ఆధారాలు పలచగా ఉన్నాయి. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో 44 మంది ఐబీఎస్ రోగులతో జరిగిన 2017 నాటి ప్రయోగంలో బిఫిడోబ్యాక్టీరియం లాంగమ్ రకం ఒకటి కుంగుబాటు స్కోరును తగ్గించింది, ఆందోళనను మాత్రం తగ్గించలేదు. ఒక రకానికి వచ్చిన ఫలితాన్ని బజారులోని ప్రతి డబ్బాకూ అంటగట్టకూడదు.

ఆహారం ఎక్కడిదాకా పనిచేస్తుందో మోనాష్‌లోనే 74 మందితో జరిగి 2016లో ప్రచురితమైన ప్రయోగం చెబుతుంది. పేగుపై గురిపెట్టిన హిప్నోథెరపీ, తక్కువ ఫాడ్‌మ్యాప్ ఆహారం, రెండూ కలిపి అని మూడు బృందాలు చేశారు. మూడింటిలోనూ 70 శాతానికి కాస్త పైగా రోగులకు పేగు బాధ తగ్గింది. ఆందోళన, కుంగుబాటు మాత్రం హిప్నోథెరపీతోనే ఎక్కువగా తగ్గాయి. జర్మనీలో 59 మందితో జరిగిన పోలికలో యోగా, తక్కువ ఫాడ్‌మ్యాప్ ఆహారం పేగు బాధపై దాదాపు సమానంగా పనిచేశాయి. బ్రిటన్‌లో 558 మందితో జరిగిన ప్రయోగంలో ఫోన్, వెబ్ ద్వారా ఇచ్చిన ప్రవర్తనా చికిత్స మేలు చేసింది. 2023లో ప్రచురితమైన మరో బ్రిటిష్ ప్రయోగంలో 463 మందిలో తక్కువ మోతాదు అమిట్రిప్టిలిన్ ఉపయోగపడింది. ఇది కుంగుబాటు మందే అయినా ఇక్కడ ఇచ్చేది నొప్పి సంకేతాలను తగ్గించడానికి. ఆ మందు రాసినంత మాత్రాన వైద్యుడు తమది మానసిక రోగమన్నాడని రోగులు అనుకోనక్కరలేదు.

అతి పథ్యం తెచ్చే నష్టం

ఏళ్ల తరబడి చేసే పథ్యం కూడా జబ్బు చేస్తుంది. తక్కువ ఫాడ్‌మ్యాప్ ఆహారంతో కొద్ది వారాల్లోనే పేగులో మేలుచేసే బిఫిడోబ్యాక్టీరియా తగ్గుతుందని లండన్‌లోని కింగ్స్ కాలేజీ పరిశోధన చూపింది. పప్పులు, పాలు మానిన శాకాహారులకు ప్రొటీన్, కాల్షియం కొరవడుతాయి. అంతకన్నా పెద్ద నష్టం తిండంటేనే భయం పట్టుకోవడం. నొప్పి వస్తుందేమోనన్న ఎదురుచూపు నాడులను మరింత పదును పెడుతుంది. దాంతో నిన్న పడింది నేడు పడదు. జాబితా కుదించుకుపోతుంది, నలుగురితో కలిసి తినడం ఆగిపోతుంది. అందుకే ఇప్పటికే బరువు తగ్గినవారికీ, తినడంలో రుగ్మతలున్నవారికీ, ఆందోళన తీవ్రంగా ఉన్నవారికీ కఠినమైన పథ్యం సూచించరు.

వైద్యుణ్ని ఎప్పుడు కలవాలి

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, జ్వరం, నిద్రలోంచి లేపే విరేచనాలు, 50 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన లక్షణాలు, కుటుంబంలో పెద్దపేగు క్యాన్సర్ ఉండటం వంటివి ఐబీఎస్ ఖాతాలో వేసి ఊరుకోకూడదు. మన దేశంలో పేగు క్షయ, అమీబా, జియార్డియా కూడా ఇవే లక్షణాలతో వస్తాయి. దిగులు రెండు వారాలకు మించి వదలకపోయినా, బతకడం ఎందుకన్న ఆలోచన వచ్చినా పథ్యాలతో కాలయాపన చేయకుండా వెంటనే మానసిక వైద్యుణ్ని కలవాలి.

మొత్తం మీద ఐబీఎస్‌లో ఆహార మార్పు చాలామందికి పేగు బాధను తగ్గిస్తుంది. బాధ తగ్గితే మనసూ కొంత కుదుటపడుతుంది. ఆందోళన, కుంగుబాట్లకు అది బదులు చికిత్స కాదు. పథ్యం డైటీషియన్ పర్యవేక్షణలో, కొద్దికాలానికే, తిరిగి తినడమే లక్ష్యంగా సాగాలి.